పాయింటు దాటని ఇంజను

నమూనా రైలుమార్గమును నిర్మించి, దానిపై తొలిసారి ఇంజనును నడపినవారిలో పెక్కుమందికి ఎదురగు అనుభవమొకటి కలదు. తిన్నని దారిపై గంభీరముగ సాగివచ్చిన ఇంజను, దారి రెండుగ చీలు పాయింటుపైకి చేరగనే తటాలున నిలిచిపోవును. వ్రేలితో కొంచెము తోసినచో రెండంగుళములు కదలి, ఏమియు జరుగనట్లు మరల పరుగిడును. అట్టియెడ నింద ఇంజనుపై పడుట సహజము. మోటారును విప్పుదురు, చక్రములను తుడుతురు, విసిగి క్రొత్త ఇంజనును కొందురు, అదియు అచ్చటనే ఆగును. దోషము ఇంజనునందు గాక, దారి చీలిన తావున విద్యుత్తునకు తాము ఏర్పరచిన త్రోవయందే కలదని వారు గ్రహించునప్పటికి చేతి చమురు కొంత వదలియే యుండును.

ఈ చిక్కు నమూనాలకే ఏల కలుగవలెననుటకు కొంచెము లెక్క చూడవలసియున్నది. లోకమున విరివిగ వాడుకలోనున్న హెచ్.ఓ. ప్రమాణము 1:87. దాని పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, దానిని 87చే గుణించినచో ఐరోపా, అమెరికాల ప్రామాణిక గేజియగు 1,435 మిల్లీమీటర్లకు సరిపోవును. (మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు గావున, దాని నీ ప్రమాణమున యథాతథముగ చూపదలచువాడు ఇంచుమించు 19.3 మిల్లీమీటర్ల దారిని స్వహస్తములతో నిర్మించుకొనవలసినదే.) సికిందరాబాదు చెంత లాలాగూడ షెడ్డున నిలుచు డబ్ల్యూ.ఏ.పి.-7 ఇంజను బరువు 123 టన్నులు. పండ్రెండు చక్రములకు పంచినచో ఒక్కొక్క చక్రము పది టన్నులకు మించిన భారముతో పట్టాను ఒత్తుచుండును. పొడవు 87వ వంతునకు తగ్గినపుడు బరువు 87 యొక్క ఘనముచే, అనగా 6,58,503చే, భాగింపబడును. కావున ఆ మహాకాయము నమూనాలో 187 గ్రాములకు దిగిపోవును, చక్రమునకు 16 గ్రాములైనను దక్కవు. తయారీదారులు లోపల లోహపు దిమ్మ నుంచి ఈ బరువును రెట్టింపు చేసినను పరిస్థితి పెద్దగ మారదు. గాలిలోని ధూళిరేణువు మన ప్రమాణమును పాటించి 87వ వంతునకు చిక్కిపోదుగదా! పది టన్నుల క్రింద పిండియై పోవు మాలిన్యము, పదిహేను గ్రాముల క్రింద చెక్కుచెదరక కూర్చుండును. పైగా అసలు ఇంజనునకు తలపై 25,000 వోల్టుల తీగ కలదు. నమూనాకు పాదముల క్రిందనుండి లభించు పండ్రెండో పదునైదో వోల్టులే గతి. ఇంత బలహీనమైన స్పర్శపై ఆధారపడిన యంత్రము సమతలముననే తడబడునట్టిది కాగా, పట్టాలు తెగి, వంగి, కలిసి, విడిపోవు పాయింటుపై మరింత తడబడుటలో వింతయేమున్నది?

పూర్వము ఈ చిక్కు లేదు. 1935లో జర్మనీయందు మార్‌క్లిన్ సంస్థ తన చిన్న గేజి రైళ్లను వెలువరించినపుడును, 1938లో ఇంగ్లండున హార్న్‌బీ డబ్లో రైళ్లు వచ్చినపుడును, దారికి నడుమ మూడవ పట్టా యుండెడిది. విద్యుత్తు నడిమి పట్టానుండి ఇంజనులోనికి ఎక్కి, ఇరుప్రక్కల పట్టాల గుండ తిరిగి పోయెడిది. ఆ రెండు పట్టాలును ఒకే ధ్రువమునకు చెందినవగుటచే, పాయింటునందు అవి ఎచ్చట కలిసినను, ఎచ్చట దాటినను విరోధము పుట్టుటకు అవకాశమే లేదు. కాని అసలు రైలుదారికి నడిమి పట్టా ఉండదు. కంటి కింపుగా నుండవలెనన్న కోరిక నానాటికి ప్రబలినది. 1959లో హార్న్‌బీ డబ్లోయు రెండు పట్టాల పద్ధతిని చేపట్టెను. మార్‌క్లిన్ మాత్రము మూడవ పట్టాను విడువలేక, దానిని స్లీపర్ల నడుమ కనబడీ కనబడని బొడిపెల వరుసగా మార్చి నేటికిని కొనసాగించుచున్నది. సౌందర్యమును కొంచెము బలిపెట్టి నిశ్చింతను కొనుక్కొన్న ఆ నిర్ణయమును హేళన చేయువారిని నేనెరుగుదును గాని, పాయింట్ల క్రింద పడుకొని తీగలు అతికిన వాడెవ్వడును దానిని హేళన చేయజాలడు.

రెండు పట్టాల పద్ధతిలో ఎడమ పట్టా ఒక ధ్రువము, కుడి పట్టా రెండవ ధ్రువము. ఇరుసునకు ఇరువైపుల చక్రములు ఒకదానితోనొకటి విద్యుత్సంబంధము లేకుండ బంధకముచే వేరుచేయబడియుండును. ఇప్పుడు పాయింటును పరికింపుడు. బయటి రెండు పట్టాలు, మన పట్టామేస్త్రీల భాషలో స్టాకురైళ్లు, తెంపు లేక సాగిపోవును. వాటి నడుమ అటునిటు జరుగు మొనదేలిన రెండు పట్టాలు టంగురైళ్లు; వాటిని కలిపి లాగునది స్ట్రెచరుబారు. టంగురైళ్లు రెండును కొంత దూరము పోయిన పిదప, తిన్నని దారియొక్క ఒక పట్టాయు, చీలిన దారియొక్క ఎదురు పట్టాయు ఒండొంటిని ఖండించుకొను స్థానము వచ్చును. దీనిని మన రైల్వేవారు క్రాసింగనియు, నమూనాకారులు ఫ్రాగనియు వ్యవహరింతురు. తిన్నగా పోవు బండికి ఆ లోహఖండము కుడి పట్టా కావలెను. ప్రక్కదారి పట్టు బండికి అదియే ఎడమ పట్టా కావలెను. ఒక ఒరలో రెండు కత్తు లిమడవు. ఒక లోహఖండమున రెండు ధ్రువములును ఇమడవు. పాయింట్లకు తీగలమర్చు విద్య యంతయు ఈ ఒక్క విరోధమునుండియే పుట్టినది.

దీనికి మిక్కిలి సులభమైన ఉపాయము, ఆ ఖండమును ప్లాస్టిక్కుతో చేసి విద్యుత్తునే లేకుండ చేయుట. ఇది నిర్జీవపు ఫ్రాగు. చౌకపాయింట్లలో ఇదియే కనబడును; ముందు చక్రములు దానిని దాటునంతసేపు వెనుక చక్రములు లోహముపై నిలుచునంతటి పొడవైన ఇంజనులకు దీనివలన హానిలేదు. కాని యార్డులలో వ్యాగన్లను అటునిటు తోయు రెండిరుసుల చిన్న ఇంజనును తీసికొనుడు: అసలు ఇంజనులో ఇరుసుల నడిమి దూరము రెండున్నర మీటర్లైనచో నమూనాలో అది 29 మిల్లీమీటర్లు. అట్టి దాని ఒక జత చక్రములు ప్లాస్టిక్కుపై నుండగా రెండవ జత క్రింద ఒక చిటికెడు దుమ్ము పడినచో చాలును. విచిత్రమేమనగా దారి ఎంత మెల్లగా చీలిన ఫ్రాగు అంత పొడవగును. మన రైల్వేలలో యార్డుదారులకు 1 కి 8½, ప్రధానమార్గములకు 1 కి 12 నిష్పత్తిలో చీలు పాయింట్లు వాడుదురు. నమూనాకారుడు స్థలాభావమున సాధారణముగ 1 కి 6తో సరిపెట్టుకొనును. దర్జాగా 1 కి 8 పెట్టుకొన్నవానికి దర్జాతోపాటు పొడవైన నిర్జీవస్థలమును సంక్రమించును. ఇదియును గాక, ప్లాస్టిక్కు ఫ్రాగు మొదట విరుద్ధధ్రువముల పట్టాలు రెండు వెంట్రుకవాసి ఎడముతో ప్రక్కప్రక్కనే నిలుచును. వెడల్పైన చక్ర మొకటి రెంటిని ఏకకాలమున తాకి నిప్పురవ్వను పుట్టించును. దీనికి అనుభవజ్ఞులు చేయు చికిత్స ఆ మొనలపై పారదర్శకమైన గోళ్లరంగు పూయుట. నవ్వు పుట్టించునదే కాని పనిచేయును. రంగు అరిగినపుడెల్ల మరల పూయవలయును.

రెండవ మార్గము సజీవపు ఫ్రాగు. ఇందు ఫ్రాగు లోహమే. అది టంగురైళ్లతో కలిసియుండును. ఏ టంగురైలు స్టాకురైలునకు ఆనుకొనునో ఆ స్టాకురైలు ధ్రువము దాని ద్వారా ఫ్రాగునకు చేరును. పాయింటు తిప్పినంతనే ధ్రువము తనంతట తానే మారును. వేరు తీగ లేదు, స్విచ్చి లేదు. ఇంతకంటె చక్కని పరిష్కార ముండునాయని క్రొత్తవారు ముచ్చటపడుదురు. పాయింటు క్రొత్తగా నున్నన్నాళ్లు ముచ్చట సాగును.

పిదప జరుగు సంగతి నొకింత సమీపమునుండి చూడవలెను. నునుపుగ కనబడు రెండు లోహతలములు తాకినపుడు అవి నిజముగ తాకునది ఎత్తైన కొన్ని సూక్ష్మబిందువుల యొద్ద మాత్రమే. ప్రవాహమంతయు ఆ బిందువుల గుండ ఇరుకుకొని పోవలయును. రిలేవంటి పరికరములలో ఈ బిందువులను కాపాడుటకై గట్టి స్ప్రింగును, వెండి మొదలగు ఉత్తమలోహములను, తాకునపుడెల్ల కొంచెము రాచుకొని తలమును తానే శుభ్రపరచుకొను ఏర్పాటును కల్పింతురు. టంగురైలునకు ఈ మూడింటిలో ఒకటియు లేదు. అది జర్మన్ సిల్వరు పట్టా. పేరునకు సిల్వరే కాని, రాగి, నికెలు, జింకుల మిశ్రమమగు ఆ లోహమున వెండి రవంతయు నుండదు. దానిని స్టాకురైలునకు అదిమిపట్టునది సన్నని తీగస్ప్రింగో, పాయింటును తిప్పు మోటారు తీగయో. నడుమ కంకర పరచుటకై వాడిన జిగురు కొంత ప్రాకును. పట్టాల ప్రక్కలకు తుప్పురంగు పూసినపుడు మరికొంత చేరును. ఇంజను నూనె చెమ్మ, గది ధూళి కలిసి పొరగట్టును. పండ్రెండు వోల్టులకు ఆ పొరను ఛేదించు శక్తి లేదు. స్పర్శ సగము నిలిచి సగము తెగినపుడు పుట్టు నిప్పురవ్వలు తలమును గుంటలు చేయును. గుంటలు స్పర్శను మరింత క్షీణింపజేయును. తుదకు ఫ్రాగు ఒకనాడు పలుకును, ఒకనాడు పలుకదు. పూర్తిగ చెడిన పాయింటును బాగుచేయవచ్చును. అప్పుడప్పుడు చెడు పాయింటే మనిషి ఓర్పును హరించునది.

సజీవపు ఫ్రాగులో రెండవ దోషము మరింత గూఢమైనది. టంగురైళ్లు రెండును ఫ్రాగుతో కలిసియుండుటచే, స్టాకురైలునుండి విడివడియున్న తెరిచిన టంగురైలు తన ప్రక్కనున్న స్టాకురైలునకు విరుద్ధమైన ధ్రువమును ధరించియుండును. ఆ రెంటి నడుమ సందు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. బండిచక్రము ఆ సందున పోవుచు, తన వెనుకతట్టుతో తెరిచిన టంగురైలును రాచినచో షార్టు సర్క్యూటు తప్పదు. ఇరుసుపై చక్రములు ఉండవలసిన దానికంటె కొంచెము దగ్గరగా బిగింపబడియున్నచో ఇది తరచుగ జరుగును. పాతకాలపు డి.సి. (ఏకముఖ విద్యుత్తు) పద్ధతిలో దీనిని ఎవ్వరును లెక్కపెట్టలేదు. దీపము రెప్పవాల్చినట్లై, బండి తన వేగముతోనే ముందునకు జారిపోయెడిది. 1990ల తొలినాళ్లలో జర్మనీలోని లెంజ్ సంస్థ రూపకల్పనను ఆధారముగ గైకొని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషను డి.సి.సి. అను అంకాత్మక నియంత్రణకు ప్రమాణములను ఏర్పరచుటతో ఈ ఉపేక్ష చెల్లకపోయెను. ఈ పద్ధతిలో పట్టాలపై ఎల్లప్పుడు పూర్తి వోల్టేజి యుండును. దాని ధ్రువము క్షణమునకు వేలసార్లు తారుమారగుచు, ఆ మార్పుల కాలపరిమాణములోనే ఇంజనునకు ఆజ్ఞలను మోసికొనిపోవును. 58 మైక్రోసెకండ్ల అర్ధతరంగము ఒకటి అనియు, 100 లేక అంతకు మించినది సున్న అనియు అర్థము. పట్టాలకు ఐదు ఆంపియర్లు నిరంతరముగ ఈయగల బూస్టరను సరఫరా పరికరము షార్టును చూచినంతనే, తన్ను తాను రక్షించుకొనుటకై కనురెప్ప పాటులో సరఫరాను త్రెంచివేయును. కావున ఒక వ్యాగను చక్రము ఒక పాయింటునొద్ద టంగురైలును ముద్దాడినచో, ఆ బూస్టరు పరిధిలోని బండ్లన్నియు నిలువునా ఆగిపోవును.

ఈ రెండు దోషములకును మూల మొక్కటే: కదలుటకై పుట్టిన టంగురైలునకు విద్యుత్తును మోయు పనియు అప్పగించుట. చక్రమునకు దారి చూపుట దాని ధర్మము. తీగ చేయవలసిన పనిని దానిచే చేయింపరాదు. పాయింటునందలి ప్రతి లోహఖండమునకు దాని విద్యుత్తు దానికి మాటు వేసిన తీగ ద్వారానే చేరవలెనన్న నియమమును పట్టుకొన్నచో మిగిలినదంతయు దానియంతట అదియే తేలును.

ఆచరణలో ఇట్లు. టంగురైళ్ల నుండి ఫ్రాగు వైపునకు వచ్చు రెండు పట్టాలను ఫ్రాగునకు కొంచెము ఇవతల సన్నని రంపముతో కోసి, ఫ్రాగును ఏకాకిని చేయవలెను. ఇంగ్లండులో డెవన్ సముద్రతీరమునందలి బీర్ గ్రామమున తయారగు పీకో సంస్థవారి సజీవపు ఫ్రాగు పాయింట్లలో చాలవాటికి ఈ కోత ముందే యుండును. అడుగున ఫ్రాగును పట్టాలతో కలుపు రెండు చిన్న తీగలను కత్తిరించినచో చాలును. ఫ్రాగునకు ఆవలి వైపున లోపలి రెండు పట్టాల చివరలకు పట్టాలను కలుపు లోహపు జాయినర్లకు మారుగా ప్లాస్టిక్కు జాయినర్లు తొడుగవలెను. పిదప ప్రతి టంగురైలు పట్టాను దాని ప్రక్కనున్న స్టాకురైలుతో సన్నని తీగచే శాశ్వతముగ కలుపవలెను. ఇప్పుడు టంగురైలు తెరిచియున్నను మూసియున్నను దాని ధ్రువము పొరుగు స్టాకురైలు ధ్రువమే. చక్రము ఎంత రాచినను రెండును ఒక ఇంటివే గనుక కలహము లేదు. స్ట్రెచరుబారు మాత్రము బంధకమై యుండవలెను; చేతితో చేసిన పాయింట్లలో రాగిపూత గల బారును వాడినచో, ఆ పూతను నడుమ గీసి త్రెంచుట మరవరాదు. తుదకు ఫ్రాగునకు ఒక తీగను అతికి, దానిని ఒక మార్పిడి స్విచ్చి నడిమి కొనకు చేర్చి, అటునిటు కొనలకు రెండు స్టాకురైళ్ల విద్యుత్తును అందింపవలెను.

కోసిన సందును అట్లే విడువరాదు. జర్మన్ సిల్వరు మీటరు పొడవున ఇరువది డిగ్రీల వేడికి మిల్లీమీటరులో మూడవవంతు వ్యాకోచించును. బల్లచెక్క తేమకు చేయు చేష్టలు అంతకంటె మిక్కుటము. మాఘమాసమున కోసిన సందు వైశాఖమున మూసికొన్నచో షార్టు ఎచ్చట పుట్టినదో వెదకుట బ్రహ్మకైనను కష్టము. అందుచే ప్లాస్టిక్కు పలుకును ఆ సందున నిలిపి, ఎపాక్సీ జిగురు పెట్టి, ఆరిన తరువాత పట్టా ఆకృతికి ఆకురాయితో అరగదీయుట మేలు. తీగకు మాటు వేయునపుడు పట్టా పాదమునకు బయటివైపునగాని అడుగునగాని వేయవలెను. తీగకును పట్టాకును ముందుగ వేర్వేరుగ తగరము పట్టించినచో, రెంటిని కలిపి మాటు వేయు ఇనుము మొన తాకించిన రెండు క్షణములలో మాటు పట్టును, క్రింది స్లీపరు కరుగదు. దీనికి రాళపు ఫ్లక్సు తప్ప ఆమ్లపు ఫ్లక్సు పనికిరాదు. ఆమ్లము నెలల తరబడి తీగను లోలోపల తినుచుండును.

ఫ్రాగు స్విచ్చిని ఎవరు తిప్పవలెనన్నది పిదప ప్రశ్న. చేతితో పాయింటును లాగువారికి, లాగుడుతీగ మధ్యలోనే జారుడు స్విచ్చిని కూర్చుట అన్నిటికంటె చౌక. మోటార్లలో పలుతరములు కలవు. రెండు చుట్టల సొలినాయిడు ఠప్పుమని పాయింటును విసరును. దానికి ప్రవాహము క్షణకాలమే కావలెను గాని, మీట ఇరుక్కొన్నచో చుట్ట మాడిపోవును. దీనికి విరుగుడుగ ముందు కెపాసిటరును నింపియుంచి, దానినే చుట్టలోనికి వదలుదురు. 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటరు 24 వోల్టులకు నిండినచో అందు నిలువయుండునది ఇంచుమించు 1.35 జౌళ్ల శక్తి. అది పాయింటును తిప్పుటకు చాలును, చుట్టను మాడ్చుటకు చాలదు. మెల్లగా జరుగు మోటార్లు మరొక జాతి. వానిలో ప్రసిద్ధమైన టార్టాయిస్ చివరకు చేరిన పిదపను విద్యుత్తు వదలక, ఇంచుమించు 15 మిల్లీఆంపియర్లతో టంగురైలును అదిమిపట్టి నిలుచును. దాని కడుపులోనే రెండు మార్పిడి స్విచ్చులు ఉండుటచే ఫ్రాగునకొకటి, సిగ్నలు దీపమునకొకటి సరిపోవును. టంగురైళ్లు ఫ్రాగుతో కలిసియున్న పాత అమరికలో, స్విచ్చి ముందు మారి టంగురైలు ఇంకను కదలకయున్న లిప్తపాటున షార్టు పుట్టెడిది. కోసి వేరుచేసిన పాయింటునకు ఆ బాధ లేదు, స్విచ్చి కొంచెము ముందు మారినను వెనుక మారినను చెల్లును.

షార్టును పసిగట్టి ఫ్రాగు ధ్రువమును తానే మార్చు ఎలక్ట్రానిక్ పరికరములు డి.సి.సి. వారికి నేడు లభించుచున్నవి. మోటారు స్విచ్చి అక్కరలేదు, ఒక్క తీగ చాలునని వానిని మెచ్చుకొనువారు పెక్కురు. నా మొగ్గు మాత్రము పాత మార్పిడి స్విచ్చి వైపే. పాయింటు తప్పుదారికి తిరిగియుండగా వెనుకనుండి వచ్చు ఇంజను ఫ్రాగుపై కాలుమోపినచో, స్విచ్చి అమరికలో అది తక్షణమే షార్టై ఆగిపోవును. తెలివిగల పరికరమైనచో దానికి స్వాగతము పలికి, టంగురైళ్లపైకి పంపి, పట్టా తప్పించును.

ఈ తీగల గొడవ పిల్లల ఆటయని తలచువారికి ఒక్కమాట. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యాలయమున 1946లో ఆరంభమైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బునందు, బల్లపైని కొండలు, ఊళ్లు చేయువారొక తెగ, బల్లక్రింద టెలిఫోను రిలేలతో పాయింట్లను, విద్యుత్తును శాసించువారు మరొక తెగ. ఆ రెండవ తెగవారే 1950ల చివర విశ్వవిద్యాలయమునకు వచ్చిన టీ.ఎక్స్.-0 కంప్యూటరు చుట్టును చేరి రాత్రులు గడపిరి. హ్యాకర్లను పేరు లోకమునకు వ్యాపించినది ఆ బల్లక్రిందనుండియే. కంప్యూటరు ఆటలలో ఆద్యములలో ఒకటైన స్పేస్‌వార్, 1962లో, ఆ గుంపు చేతిలోనే రూపొందినది.

పాయింటు ఎంత చక్కగ అమరినను దానికి విద్యుత్తు నందించు దారి బలహీనమైనచో ప్రయోజనము లేదు. జర్మన్ సిల్వరునకు రాగి వాహకతలో నూటికి పది వంతులైనను లేదు. పట్టాలను కలుపు జాయినర్లు, అసలు దారిలోని ఫిష్‌ప్లేట్లవలె బోల్టులతో బిగింపబడినవి కాక, కేవలము దూర్చినవి. అసలు రైల్వేలలోనే, 1872లో విలియం రాబిన్సన్ కనిపెట్టిన ట్రాకు సర్క్యూటు నడుచు చోట, ఫిష్‌ప్లేటును నమ్మక పట్టానుండి పట్టాకు వేరుగ తీగలు కలుపుదురు. కావున బల్లక్రింద 2 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగి తీగలు రెంటిని ప్రధానమార్గముగ పరచి, ప్రతి పట్టాముక్కకు దానినుండి సన్నని ఫీడరు తీగను ఈయవలెను. అట్టి ప్రధానతీగ పది మీటర్లు పోయి తిరిగివచ్చు సరికి నిరోధము ఓములో ఆరవవంతు. మూడు ఆంపియర్లకు అర్ధవోల్టు నష్టము, ఇది సహ్యమే.

అన్నియు అమర్చిన పిదప విద్యుత్తు ఇచ్చుటకు ముందే మల్టీమీటరును బజరుపై పెట్టి, ఒక మొనను ఫ్రాగుపైనను, రెండవ మొనను స్టాకురైళ్లపై ఒకదాని వెంట నొకటిగను ఉంచవలెను. పాయింటును తిప్పినపుడు శబ్దము ఒక పట్టానుండి రెండవ పట్టాకు మారవలెను. రెంటియందును పలికినచో ఎచ్చటనో సందు మూసుకొన్నది, రెంటియందును పలుకనిచో ఫ్రాగు తీగ తెగినది. పిదప బూస్టరును వెలిగించి, ఒక రూపాయి నాణెమును మార్గమంతట అక్కడక్కడ, ముఖ్యముగ ప్రతి పాయింటునకు ఆవలి కొసలయందు, రెండు పట్టాలకు అడ్డముగ పెట్టి చూడవలెను. బూస్టరు వెంటనే ఆగినచో తీగలు సరియైనవి. ఆగనిచో ఆ తావునకు పోవు దారిలో నిరోధము హెచ్చినదని గ్రహించి నాణెమును తక్షణమే తీసివేయవలెను. ఐదు ఆంపియర్లు, పదునైదు వోల్టులు కలిసి 75 వాట్లు, అనగా మాటు వేయు ఇనుమును మించిన వేడి, బోగీ ప్లాస్టిక్కును కరగించుటకు నిమిషము పట్టదు. అట్టి చోట మరియొక జత ఫీడరు తీగలు అతికి నాణెమును మరల పెట్టి చూడవలయును.